నిటారు నీళ్లు

3వ తేదీ, మంగళవారం

వియ్యంకుడు దిగాడు. రెండు పెట్టెలు, ఒక రేడియో, హ్యాంగర్లకు తగిలించిన ఇస్త్రీ చొక్కాలు. వాళ్లింటి పైకప్పు కారుతోందట. బాగుచేయించేదాకా ఇక్కడే ఉంటాడట. కప్పు కారితే కింద బకెట్టు పెట్టుకోవాలి గాని, వియ్యాలవారి మీద వచ్చి పడతారా?

ఆయన మంచం నా గదిలోనే వేశారు. నన్ను అడగలేదు. "మామయ్యగారూ, నాన్నకి తలుపు పక్కన వేశాం. కిటికీ మీదే" అని కోడలు ప్రకటించింది. నా కిటికీ నాదేనని నాకు హామీ ఇవ్వడం!

మనవరాలు పిడుగు అరగంటలో మా ఇద్దరికీ పేర్లు పెట్టేసింది. నేను కిటికీ తాత. ఆయన తలుపు తాత. పిల్లకి నా పోలిక. ముద్ర వెయ్యడంలో ఆలస్యం చెయ్యదు.

4వ తేదీ, బుధవారం

ఆయన గురక ఒక రాగంలో సాగితే సర్దుకునేవాణ్ణి. మధ్యలో ఆగిపోతుంది. మళ్లీ ఎప్పుడు మొదలవుతుందా అని కాచుకుని నేను మేలుకుని ఉండాలి.

పొద్దున లేచేసరికి ఇంట్లో చెప్పులన్నీ గోడకి వరుసగా నిలబడి ఉన్నాయి, కవాతుకి వచ్చినట్టు. నావి కూడా. ఒకటి తిరగేసి మంచం కిందికి తన్నాను. స్నానం చేసి వచ్చేసరికి మళ్లీ వరుసలో ఉంది.

5వ తేదీ, గురువారం

ఈ సంగతి ఈ డైరీలో చాలాసార్లు రాశాను. మళ్లీ రాస్తాను. కోర్టులో కూడా కేసు పిలిచిన ప్రతిసారీ మొదటినుంచీ చదువుతారు.

నీటి అణువులో మధ్యన ఆక్సిజన్, చెరోపక్కా ఒక హైడ్రోజన్. తెలియనివాడు మూడింటినీ ఒకే గీత మీద నిలబెడతాడు. కాని ఆక్సిజన్ నెత్తి మీద ఒంటరి జంటలు రెండు కూర్చుని ఉంటాయి. ఎవరితోనూ బంధం లేని ఎలక్ట్రాన్ల జంటలు. చేసే పని లేదు, కావలసిన చోటు మాత్రం అందరికంటే ఎక్కువ. అవి ఒకదాన్నొకటి తోసుకుంటూ, కింద ఉన్న రెండు హైడ్రోజన్లనూ దగ్గరకి నెట్టేస్తాయి. అందుకే నీటి అణువు వంగి ఉంటుంది. నూటనాలుగున్నర డిగ్రీలు. వంగింది కాబట్టే ఒక పక్కకి రుణ విద్యుత్తు, ఒక పక్కకి ధన విద్యుత్తు చేరి ధ్రువత వస్తుంది. నిటారుగా ఉంటే రెండు పక్కల లాగుడూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. అప్పుడు నీళ్లలో ఉప్పు కరగదు. అసలు నీళ్లే ఉండవు, ఆవిరైపోతాయి. నాకీ కోపమూ ఉండదు, ఎందుకంటే నేనూ ఉండను.

పాఠ్యపుస్తకంలో 'అణువుల ఆకృతులు' అనే పాఠం రాసింది నేను. బొమ్మ నా చేత్తో వంచి గీశాను. అచ్చయి వచ్చేసరికి నీళ్లు నిటారుగా నిలబడి ఉన్నాయి. పాఠం కింద నా పేరు.

అప్పటినుంచీ నేను 'నిటారు మాస్టారు'. నా వెనక అన్నారు, తర్వాత నా ముందే అన్నారు. నా పెళ్లాం కూడా ఉన్నన్నాళ్లూ, కోపం వస్తే, "మీకేం, మీరు నిటారు మనిషి" అనేది. పళ్ల డాక్టరు నా శిష్యుడే. మొన్న దంతాల సెట్టు అమరుస్తూ, "నిటారుగా కూర్చోండి మాస్టారూ" అని నర్సు వైపు చూసి మూతి బిగించుకున్నాడు. వాడికి పరీక్షలో నేను వేసిన మార్కులు ఈ డైరీ పాత సంపుటంలో ఉన్నాయి. ఎప్పుడైనా బయటపెడతాను.

ఆ పుస్తకానికి సంపాదకుడు మా వియ్యంకుడు. అప్పటికి వియ్యంకుడు కాదు. తర్వాత మావాడు, ప్రపంచంలో ఇంకో ఆడపిల్ల లేనట్టు, ఆ సంపాదకుడి కూతుర్నే ప్రేమించాడు. పెళ్లిపందిట్లోనే అడిగాను. "ప్రెస్సువాళ్ల పని అయ్యుంటుంది బావగారూ" అన్నాడు. ప్రతి పుట్టినరోజుకీ అడుగుతున్నాను. ప్రతిసారీ ప్రెస్సువాళ్లే.

నాకు కావలసింది ఒక్కటే. నలుగురిలో నిలబడి, "తప్పు నాది, ఆయనది కాదు" అనాలి. పోయేలోగా.

6వ తేదీ, శుక్రవారం

దేవుడున్నాడు. పిడుగు బళ్లో సైన్సు ప్రదర్శనట. తనకి వచ్చిన అంశం నీటి అణువు: అది ఎందుకు వంగి ఉంటుంది, వంగితే ఏమవుతుంది. బల్ల దగ్గర నిలబడడానికి ప్రతి పిల్లకీ ఒక పెద్దమనిషి తోడు రావచ్చట.

"నేనొస్తాను" అన్నాను.

"నేనొస్తానమ్మా" అన్నాడు వియ్యంకుడు, అదే క్షణంలో.

"ఒక్కరే రావాలిట తాతయ్యా" అంది పిల్ల.

"నీళ్ల మీద పాఠం రాసింది నేను."

"ఆ పాఠం సంగతి అందరికీ తెలుసు కదా బావగారూ" అన్నాడాయన. అదీ మెత్తగా, నా మీద జాలిపడుతున్నట్టు!

అన్నం సగంలో లేచిపోయాను. తర్వాత ఆకలేసి మళ్లీ వచ్చి కూర్చున్నాను. కొడుకూ కోడలూ వంటింట్లో ఒకే మూల ఒకరినొకరు ఆనుకుని నిలబడి గుసగుసలాడుకుంటున్నారు. ఈమధ్య ఎప్పుడు చూసినా అంతే. అంత పెద్ద వంటిల్లు పెట్టుకుని ఆ ఇరుకేమిటో!

7వ తేదీ, శనివారం

నమూనా తయారీ. ఆక్సిజన్‌కి మెత్తని స్పాంజి బంతి. హైడ్రోజన్లకి రెండు చిన్న ప్లాస్టిక్ బంతులు. అల్యూమినియం తీగ ఒకటే, స్పాంజి బంతిలోంచి దూర్చాను. కోణమానిని పెట్టి నూటనాలుగున్నరకి వంచాను. సగం డిగ్రీ కోసం మూడుసార్లు వంచాను. సగం డిగ్రీయే కదా అనేవాళ్లు నాకు శత్రువులు.

ఒంటరి జంటలకి రెండు పెద్ద బుడగలు కడదామని వియ్యంకుడి సలహా. సలహా బాగుంది. అందుకే నచ్చలేదు. పిల్ల ఒప్పేసుకుంది. "బుడగలు బళ్లోకి వెళ్లాకే ఊదుకుందాం, దారిలో పేల్తాయి" అంది. పన్నెండేళ్లకి ఆ ముందుచూపు! నా పోలికే.

8వ తేదీ, ఆదివారం

పరాభవం.

ధ్రువత చూపించడానికి తేలిక పద్ధతి ఒకటుంది. కుళాయిని సన్నటి ధారగా వదిలి, తల దువ్విన ప్లాస్టిక్ దువ్వెన దగ్గరగా పెడితే ధార దువ్వెన వైపు వంగుతుంది. దువ్వెనకి చేరిన విద్యుత్తుకి నీళ్లు స్పందిస్తాయి. చూసినవాడు జన్మలో మర్చిపోడు.

దువ్వెన తెచ్చాను. దువ్వడానికి నాకేముంది? చెవుల వెనక నాలుగు పోచలు. అవే పట్టుకుని అరగంట గీకాను. ధార ఠీవిగా నేలకే పడింది. పిడుగు జుట్టుకి నూనె. కోడలు తలంటుకుని వచ్చింది, తడి. మావాడికి నా తల వారసత్వంగా వచ్చేసింది.

అప్పుడు వియ్యంకుడు లేచాడు. ఈ వయసులో ఆ మనిషి తల మీద దూది పెరిగినట్టు తెల్లటి, పొడి జుట్టు. దువ్వెన అందుకుని రెండు దువ్వులు దువ్వాడు. కుళాయి దగ్గర పెట్టాడు.

ధార సలాం కొట్టినట్టు వంగింది.

"తాతా! మళ్లీ! మళ్లీ!" అని పిల్ల గెంతుతోంది. కోడలు చప్పట్లు. వియ్యంకుడు నా వైపు తిరిగి, "సిద్ధాంతం మీది బావగారూ, జుట్టు మాత్రమే నాది" అన్నాడు.

వినయం అని దీన్నే అంటారు. ప్రపంచ చరిత్ర అంతా చదివాను. ఇంతకంటే క్రూరమైన ఆయుధం ఏ యుద్ధంలోనూ వాడలేదు.

9వ తేదీ, సోమవారం

టీచరు ఫోన్‌లో ఒప్పుకుందట, ఇద్దరు తాతలూ రావచ్చని. ఒకరు చెప్పడానికి, ఒకరు దువ్వడానికి.

10వ తేదీ, మంగళవారం

గోడ మీద కాలెండరు సరిచేశాడు. నా పుస్తకాలు ఎత్తులవారీగా పేర్చాడు. చరిత్ర పక్కన వైద్యం, వైద్యం పక్కన కోళ్ల పెంపకం. నేను చదువుతూ బోర్లించిన పుస్తకాన్ని మూసి అంచులు కలిపి పెట్టాడు. ఏ పేజీలో ఉన్నానో ఇక నేనూ ఆ రచయితా వెతుక్కోవాలి.

"ఎందుకండీ అలా అన్నీ సర్దుతారు?" అని అడిగాను.

"నేను సర్దుతానా?" అన్నాడు. నిజంగానే తెలియనట్టు. అలా అంటూనే నా కళ్లజోడు కాళ్లు మడిచి, బల్ల అంచుకి సమంగా పెట్టాడు.

11వ తేదీ, బుధవారం

రేపే ప్రదర్శన. పిల్ల ఉపన్యాసం నాకు వినిపించమంటే వినిపించలేదు. "రేపు వింటావుగా" అంది. ప్రధానోపాధ్యాయిని నా పాత శిష్యురాలట. అంటే పేరు తెలుసన్నమాట. రేపు నిండు సభలో ఆవిడ ఆ పేరుతో పిలవడం ఖాయం. నా మనవరాలి ముందు. పిల్లకి ఆ పేరు ఇంతవరకూ తెలియదు.

జ్వరం వచ్చిందని చెబుదామా అని ఆలోచిస్తున్నాను.

12వ తేదీ, గురువారం. మధ్యాహ్నం

వరసగా రాస్తాను.

పొద్దున్నే మొహం కడుక్కుని వస్తున్నాను. దంతాల సెట్టు ఇంకా గ్లాసులోనే ఉంది. హాల్లో వియ్యంకుడు రేడియో వార్తలు వింటున్నాడు. ఒళ్లో మా నమూనా. చూపంతా రేడియో మీదే. చేతులు వాటి దారిన అవి తీగని నెమ్మదిగా, ప్రేమగా, వేళ్లతో నిమురుతూ సాపు చేస్తున్నాయి. చివరి వంపు కూడా పోయింది. దూరంగా పెట్టి, ఒక కన్ను మూసి, నిటారుగా ఉందో లేదో చూసుకున్నాడు. తృప్తిపడ్డాడు.

ఇన్నేళ్ల నేరం నా కళ్ల ముందు మళ్లీ జరిగింది. దొంగ దొరికాడు. నా నోట్లో పళ్లు లేవు.

అరిచాను. గాలి, తుంపర తప్ప ఏమీ రాలేదు. గదిలోకి పరిగెత్తి, సెట్టు పెట్టుకుని, మళ్లీ పరిగెత్తుకొచ్చి అరిచాను.

"ఏం చేస్తున్నారు మీరు!"

"ఏదో వంకర పోయుంటే సాపు చేస్తున్నా బావగారూ. బళ్లో పిల్ల పరువు..."

"అది నీళ్లండీ!"

"ఎక్కడ?" అని నేల వైపు చూసి కాళ్లు పైకెత్తాడు.

తర్వాత ఒళ్లో ఉన్నదాన్ని చూశాడు. మళ్లీ నన్ను చూశాడు. ఆయన మొహంలో రంగు పోవడం నేను స్పష్టంగా చూశాను. కాళ్లు ఇంకా గాల్లోనే ఉన్నాయి.

"బావగారూ" అన్నాడు, గొంతు తగ్గించి. "ఆ పుస్తకంలో... బొమ్మలన్నీ ప్రెస్సుకి పంపేముందు స్కేలు పెట్టి నేనే శుభ్రంగా గీశాను. ఒక చోట మీ గీత పక్కకి పోయినట్టుంటే, పాపం చెయ్యి జారిందేమో అనుకుని..."

"అనుకుని?"

"సరిచేశాను."

చెయ్యి జారిందిట! నూటనాలుగున్నర డిగ్రీలకి!

ఈ క్షణం కోసం నేను ఎన్నో మాటలు దాచుకున్నాను. కొన్ని వాక్యాలు ఛందస్సులో కూడా ఉన్నాయి. ఒక్కటీ గుర్తు రాలేదు. ఈలోగా పిడుగు యూనిఫాం వేసుకుని వచ్చి, తన నీళ్లని చూసి, పెదవి విరిచింది. ఆ పెదవి చూశాక శత్రుత్వం వాయిదా వెయ్యక తప్పలేదు. తీగ లాక్కుని గబగబా వంచాను. అల్యూమినియం. ఒకసారి అటు, ఒకసారి ఇటు అయ్యేసరికి టక్కున విరిగింది.

"బస్సు పది నిమిషాల్లో వస్తుంది" అన్నాడు మావాడు వంటింట్లోంచి, కోడలి పక్కనుంచి.

ఇంట్లో ఇంకో తీగ లేదు. అందరం వెతికాం. అప్పుడు వియ్యంకుడు గదిలోకి వెళ్లి, తన ఇస్త్రీ చొక్కా తీసి మంచం మీద పడేసి (పడేశాడు, మడత పెట్టలేదు, రాసి పెట్టుకుంటున్నాను), దాని ఇనుప హ్యాంగరు పట్టుకొచ్చాడు. మావాడు పట్టకారుతో ముక్క కోశాడు. నేను కోణమానిని పట్టుకున్నాను.

"మీరే వంచండి" అన్నాను.

వంచాడు. తిన్నగా ఉన్నదాన్ని తన చేత్తో వంకర చెయ్యడానికి ఆ మనిషి పడ్డ యాతన చూడాలి. పన్ను పీకుతున్నట్టు కళ్లు మూసుకున్నాడు.

"ఇంకా" అన్నాను. "ఇంకొంచెం. ఎక్కువైంది, వెనక్కి. ఆ. సగం డిగ్రీ."

"సగం డిగ్రీయే కదా బావగారూ?"

నేను చూసిన చూపుకి ఆ సగం డిగ్రీ కూడా వంచాడు.

అదే తేదీ, సాయంత్రం

బళ్లో జరిగింది.

వియ్యంకుడు దువ్వాడు, నీళ్లు వంగాయి, జనం మూగారు. పక్క బల్ల మీద అగ్నిపర్వతం పెట్టిన పిల్లాడి నాన్న కూడా మా దగ్గరకే వచ్చేశాడు. నేను ధ్రువత గురించి చెప్పాను. బాగా చెప్పాను.

తర్వాత పిడుగు బుడగలు రెండూ ఊది కట్టి, తన ఉపన్యాసం మొదలుపెట్టింది.

"ఈ మధ్యన ఉన్న ఆక్సిజన్ నేను. ఈ రెండు హైడ్రోజన్లు మా అమ్మ, నాన్న. పైన ఈ రెండు పెద్ద బుడగలు ఒంటరి జంటలు. ఇవి ఎవరితోనూ కలవవు. ఎక్కువ చోటు తీసుకుంటాయి. ఎప్పుడూ ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉంటాయి. ఇవి ఇలా తోసుకుంటుంటే మా అమ్మా నాన్నా వంటింట్లో ఇలా దగ్గరకి వచ్చేస్తారు. బుడగలు లేకపోతే నీళ్లు వంగవు. నీళ్లు వంగకపోతే మనం ఉండం. అందుకని బుడగలు ఉండాలి."

జనం పడి పడి నవ్వారు. చూడ్డానికి వచ్చినవాళ్లలో ఉన్న కోడలు మొహం కప్పుకుంది. పోలిక బాగానే కుదిరింది. ఒక బుడగ వియ్యంకుడే, అందులో సందేహం లేదు. రెండోది ఎవరో పిల్ల వివరంగా చెప్పి ఉండాల్సింది.

అప్పుడే ప్రధానోపాధ్యాయిని వచ్చింది. నన్ను చూడగానే రెండు చేతులూ జోడించి, "అయ్యో, మా నిటారు మాస్టారు!" అంది, హాలంతా వినపడేట్టు.

పిడుగు నా వైపు తిరిగింది. "అంటే ఏంటి తాతయ్యా?"

నేను నోరు తెరిచేలోగా వియ్యంకుడు దువ్వెన ఎత్తి పట్టుకుని ముందుకొచ్చాడు. పెద్ద గొంతుతో అన్నాడు. ఆయనకి అంత గొంతు ఉందని నాకు తెలియదు.

"ఆ నీళ్లని నిటారు చేసింది ఆయన కాదమ్మా. నేను. స్కేలు పెట్టి మరీ చేశాను. ఆయన సరిగ్గానే వంచారు. ఇన్నేళ్లూ నా తప్పు ఆయన మోశారు."

పక్క బల్ల మీది అగ్నిపర్వతం కూడా పొంగడం ఆపింది.

ప్రధానోపాధ్యాయిని మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, కళ్లల్లో నీళ్లు వచ్చేలా నవ్వి, "అయితే అసలు నిటారు మాస్టారు మీరన్నమాట!" అంది.

"నేనే" అన్నాడు వియ్యంకుడు, తలవంచుకుని.

పిల్లలందరూ అందుకున్నారు. "నిటారు తాత! నిటారు తాత!"

గెలిచాను. తేదీ కింద రెండు గీతలు గీస్తున్నాను.

13వ తేదీ, శుక్రవారం

విజయం. రాత్రి బాగా నిద్రపట్టింది.

14వ తేదీ, శనివారం

సందు చివర కూరగాయలమ్మి వియ్యంకుణ్ణి, "నిటారు తాతగారూ, వంకాయలు తీసుకోండి" అంది. దానికెలా తెలిసింది? నన్ను "పెద్దాయనా" అంది. పెద్దాయన అంటే ఎవరైనా కావచ్చు.

15వ తేదీ, ఆదివారం

పళ్ల డాక్టరు కనిపించాడు. "మాస్టారూ, విన్నాను, ఇన్నాళ్లూ మీకు అన్యాయం జరిగిందండీ" అన్నాడు. చాలా మర్యాదగా. ఇంతకుముందు నన్ను చూస్తే వాడి మూతి వణికేది. ఇప్పుడేమీ వణకలేదు.

16వ తేదీ, సోమవారం

పిడుగు స్నేహితురాళ్లు ముగ్గురు ఇంటికొచ్చారు. "నిటారు తాత ఎక్కడ?" అని నేరుగా తలుపు పక్క మంచం దగ్గరకి వెళ్లారు. ఆయన వాళ్ల జడలు సమంగా ఉన్నాయో లేదో చూసి సరిచేశాడు. వాళ్లు కిలకిలలు. కిటికీ దగ్గర ఒక మనిషి కూర్చుని ఉన్నాడని ఎవరూ గమనించలేదు.

కిటికీ తాత అనేది ఒక పేరేనా? కర్టెనుకి కూడా అదే పేరు పెట్టొచ్చు.

17వ తేదీ, మంగళవారం

ఎవరూ ఏమీ అనలేదు.

18వ తేదీ, బుధవారం

వాళ్ల పైకప్పు బాగైందట. రేపు వెళ్లిపోతానన్నాడు. ఈ కాలం మేస్త్రీల పని నమ్మడానికి వీల్లేదని, ఒక వాన చూసి వెళ్లడం శాస్త్రీయమని చెప్పాను. నా మాట ఎవరు వింటారు? విన్నారు. పెట్టె మళ్లీ మంచం కిందికి తోశాడు, గోడకి సమాంతరంగా.

19వ తేదీ, గురువారం

పొద్దున ఇంటి ఫోను మోగింది. వియ్యంకుడు నాకంటే దగ్గరగా ఉన్నాడు, కాని చెప్పులు వరసగా పెడుతూ వంగి ఉన్నాడు. నేను ఎత్తాను.

"నమస్కారమండీ. మేము పాత విద్యార్థులం. అందరం ఒకచోట కలుస్తున్నాం. నిటారు మాస్టారు వచ్చి నాలుగు మాటలు మాట్లాడాలని మా అందరి కోరిక. ఆయన ఉన్నారా?"

వియ్యంకుడు లేచి నిలబడి, నాకేనా అన్నట్టు చెయ్యి చాపాడు.

ఆ చెయ్యి చూశాను. ఒక్క గీత గీసిన చెయ్యి. ఆ తర్వాత ఆ పేరుని బళ్లకీ పెళ్లిళ్లకీ పళ్ల డాక్టరు కుర్చీలోకీ మోసింది ఎవరు? ఆయన మోసింది వారం రోజులు.

ఆయనకి వీపు తిప్పాను.

"మాట్లాడుతున్నాను" అన్నాను.